కాపీ–పేస్ట్ అప్పుడప్పుడు ఎందుకు మొరాయిస్తుంది? ఇంటి కంప్యూటర్‌లో లోపాన్ని పట్టుకునే క్రమం

రాయ్‌పూర్: కంప్యూటర్ తెరపై ఒకచోట ఉన్న వాక్యాన్నో, అంకెనో తీసుకుని మరోచోట చేర్చడం ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించి చేసే పని కాదు. రెండు మీటలు నొక్కితే కాపీ, మరో రెండు నొక్కితే పేస్ట్. అయితే పదిసార్లు సక్రమంగా జరిగిన ఈ పని పదకొండోసారి జరగదు. పేస్ట్ చేసినచోట ఏమీ కనిపించదు, లేదా అరగంట కిందట కాపీ చేసిన పాత విషయం ప్రత్యక్షమవుతుంది. మళ్లీ ప్రయత్నిస్తే మామూలుగానే పనిచేస్తుంది. పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయడం తేలిక. అప్పుడప్పుడు మాత్రమే చెడే యంత్రం బాగుచేసేవారి ముందు పెట్టగానే బుద్ధిగా నడుస్తుంది. అందుకే ఇలాంటి లోపాన్ని ఊహతో కాక ఒక క్రమంలో వెతకాలి.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది మరికొంత ఎక్కువ. ఇక్కడి ఇంటి కంప్యూటర్‌పై మూడు లిపులు నడుస్తాయి. ప్రభుత్వ దరఖాస్తులు, పాఠశాల నోటీసులు దేవనాగరిలో, బ్యాంకు వ్యవహారాలు ఆంగ్లంలో, శ్రీకాకుళం, విజయనగరం వైపు బంధువులకు పంపే శుభలేఖలు, ఉత్తరాలు తెలుగులో ఉంటాయి. ఒక లిపి నుంచి మరో లిపిలోకి, ఒక ప్రోగ్రామ్ నుంచి మరో ప్రోగ్రామ్‌లోకి విషయం నిరంతరం ప్రయాణిస్తూనే ఉంటుంది. దారి పొడవైన కొద్దీ తప్పిపోయే చోట్లు కూడా ఎక్కువే.

చిన్న లోపం, పెద్ద నష్టం

పేస్ట్ పనిచేయకపోవడం విసుగు కలిగిస్తుందే తప్ప హాని చేయదు. అసలు ప్రమాదం, కాపీ విఫలమైన సంగతి తెలియక పాత విషయాన్ని పేస్ట్ చేయడంలో ఉంది. ఒకరి బ్యాంకు ఖాతా సంఖ్య కాపీ అయిందనుకుని పేస్ట్ చేస్తే, అంతకుముందు కాపీ చేసిన మరొకరి ఖాతా సంఖ్య పడవచ్చు. రెండూ అంకెలే కాబట్టి కంటికి తేడా వెంటనే తెలియదు.

నెఫ్ట్ వంటి ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లో ఖాతా సంఖ్య ఒక్కటే ఆధారంగా డబ్బు జమ చేయవచ్చని, ఆ సంఖ్యను సరిగా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవారిదేనని భారతీయ రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అంటే పేరు సరిగా రాసి సంఖ్య తప్పుగా ఇస్తే, డబ్బు ఆ సంఖ్య గల ఖాతాలోకే వెళ్లే అవకాశం ఉంది. అలా వెళ్లిన సొమ్మును అవతలి ఖాతాదారు అంగీకారం లేకుండా వెనక్కి రాబట్టడం సులభం కాదు. ఈ ఇబ్బందిని తగ్గించేందుకు, ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ చెల్లింపులకు ముందు ఖాతాదారు పేరును సరిచూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోగా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు తెరపై కనిపించినప్పుడు చదవకుండా ముందుకు వెళితే మాత్రం సదుపాయం ఉండీ ప్రయోజనం లేదు.

తెర వెనుక జరిగేది ఇదీ

కాపీ చేసిన విషయం నేరుగా గమ్యానికి వెళ్లదు. కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో క్లిప్‌బోర్డ్ అనే తాత్కాలిక స్థానంలో నిలుస్తుంది. దాన్ని ఊరి కూడలిలోని ఏకైక నల్లబల్ల అనుకోవచ్చు. ఎవరైనా దానిపై రాయవచ్చు, ఎవరైనా చదవవచ్చు. కొత్తగా రాసేవారు పాతదాన్ని చెరిపేస్తారు. కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోతే బల్ల శుభ్రమైపోతుంది.

ఈ పద్ధతికి రూపమిచ్చినవారిలో ప్రముఖుడు అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ టెస్లర్. జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో 1970ల మధ్యకాలంలో ఆయన, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే పత్ర రచనా ప్రోగ్రామ్‌ను రూపొందించారు. కత్తిరించడం, నకలు తీయడం, అతికించడం అనే మూడు పనులు నేడు మనకు తెలిసిన రూపాన్ని అందులో సంతరించుకున్నాయి. తర్వాత ఆయన యాపిల్‌లో చేరారు. ఆ సంస్థ 1983లో లీసా, 1984లో మెకింటాష్ కంప్యూటర్లను విడుదల చేయడంతో ఈ పద్ధతి ఇళ్లకు, కార్యాలయాలకు చేరింది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

అప్పటి నుంచి నేటి వరకు మారని అంశం ఒకటుంది. పేస్ట్ చేసినప్పుడు ఫలితం తెరపై కనిపిస్తుంది. కాపీ చేసినప్పుడు మాత్రం సాధారణంగా ఏ సూచనా రాదు. విజయమైనా, వైఫల్యమైనా మౌనమే. ఈ లోపం అంతుచిక్కకపోవడానికి మూలం ఆ మౌనంలోనే ఉంది.

విండోస్‌లో మరో నియమం ఉంది. ఒక సమయంలో ఒకే ప్రోగ్రామ్ క్లిప్‌బోర్డ్‌ను తెరవగలదు. అది తెరిచి, పని ముగించి, మూసే వరకు మరో ప్రోగ్రామ్‌కు ప్రవేశం ఉండదు. మామూలుగా ఈ తెరవడం, మూయడం రెప్పపాటులో జరిగిపోతాయి. ఏదైనా ప్రోగ్రామ్ తెరిచి మూయడం మరిచినా, మూయడంలో ఆలస్యం చేసినా, సరిగ్గా ఆ క్షణంలో మనం నొక్కిన కాపీ విఫలమవుతుంది. కొన్ని ప్రోగ్రాములు మళ్లీ ప్రయత్నిస్తాయి, కొన్ని హెచ్చరిక చూపుతాయి, మరికొన్ని ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. లోపం ఒకసారి కనిపించి మరోసారి మాయం కావడానికి ఇదొక ప్రధాన కారణం.

ఇంకొక కారణం కూడా ఉంది. పెద్ద పట్టికను కాపీ చేసినప్పుడు కొన్ని ప్రోగ్రాములు మొత్తం విషయాన్ని వెంటనే క్లిప్‌బోర్డ్‌పై పెట్టవు. అడిగినప్పుడు ఇస్తామన్న హామీ మాత్రమే నమోదు చేస్తాయి. పేస్ట్ చేసే లోపు ఆ ప్రోగ్రామ్ స్తంభించినా, అర్ధాంతరంగా మూతపడినా హామీ నెరవేరదు. లైనక్స్ కంప్యూటర్లలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి ఎక్స్ విండో పద్ధతిలో కాపీ చేసిన విషయం మూల ప్రోగ్రామ్ వద్దే ఉంటుంది. క్లిప్‌బోర్డ్‌ను భద్రపరిచే ప్రత్యేక ప్రోగ్రామ్ ఏదీ లేకపోతే, మూల ప్రోగ్రామ్‌ను మూసేసిన వెంటనే కాపీ చేసినది పోతుంది.

మొదటి ప్రశ్న: విఫలమైనది కాపీనా, పేస్టా?

లోపం ఎక్కడుందో తెలియకుండా మందు వేయడం వృథా. విండోస్ 10లో 2018 చివరి నవీకరణతో వచ్చిన క్లిప్‌బోర్డ్ చరిత్ర సదుపాయం ఈ ప్రశ్నకు సులభంగా సమాధానమిస్తుంది. విండోస్ కీని, వి కీని కలిపి నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. మొదటిసారి అయితే దాన్ని ప్రారంభించాలా అని అడుగుతుంది. అంగీకరించిన తర్వాత, చివరిగా కాపీ చేసిన 25 అంశాలను అది గుర్తుంచుకుంటుంది. కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభిస్తే, పిన్ చేసినవి మినహా మిగిలినవి తొలగిపోతాయి.

లోపం తలెత్తిన క్షణంలోనే ఈ పెట్టెను తెరిచి చూడాలి. కొత్తగా కాపీ చేసిన విషయం జాబితాలో పైన ఉంటే కాపీ సవ్యంగానే జరిగింది. సమస్య పేస్ట్ చేస్తున్న ప్రోగ్రామ్‌లోనో, ఆ పేజీలోనో ఉంది. జాబితాలో పైన పాత విషయమే ఉంటే కాపీ దశలోనే విఫలమైంది. మనం ఎన్నడూ కాపీ చేయని విషయం పైన కనిపిస్తే మరో ప్రోగ్రామ్ క్లిప్‌బోర్డ్‌పై రాస్తోందని అర్థం. ఈ మూడో సందర్భాన్ని తేలిగ్గా తీసుకోరాదు.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. ఈ చరిత్ర అక్షరాలను, చిత్రాలను చూపుతుంది కానీ కాపీ చేసిన ఫైళ్లను చూపదు. ఒక అంశం పరిమాణం 4 మెగాబైట్లు దాటినా అందులో చేరదు. కాబట్టి పరీక్ష కోసం సాధారణ వాక్యాలనే వాడాలి.

రెండో ప్రశ్న: తప్పు వేళ్లదా, మీటలదా?

కాపీ దశలో విఫలమవుతోందని తేలితే ముందుగా అనుమానించాల్సింది అతి చవకైన భాగాన్ని. అదే కీబోర్డు. కాపీ చేయడానికి కంట్రోల్, సి కీలను; పేస్ట్ చేయడానికి కంట్రోల్, వి కీలను వాడతాం. ఎక్కువగా అరిగేవి, దుమ్ము చేరితే సరిగా తగలనివి ఇలాంటి మీటలే. సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడలకు దగ్గరి ఇళ్లలో బల్లపై రోజూ తుడవాల్సినంత దుమ్ము చేరుతుంది. బల్లపై పేరుకున్నదే కీబోర్డు సందుల్లోకీ వెళుతుంది.

ఈ అనుమానాన్ని తేల్చడానికి మూడు పరీక్షలు చాలు. ఒకటి, నోట్‌ప్యాడ్ తెరిచి సి కీని ముప్పై సార్లు విడివిడిగా, మామూలు ఒత్తిడితో నొక్కి, ఎన్ని అక్షరాలు పడ్డాయో లెక్కించాలి. ముప్పై కన్నా తక్కువ పడితే మీట సరిగా తగలడం లేదు. ఎక్కువ పడితే ఒకే నొక్కు రెండుగా నమోదవుతోంది. రెండు, ఎడమవైపు కంట్రోల్‌కు బదులు కుడివైపు కంట్రోల్‌తో ప్రయత్నించాలి. మూడు, మీటలను పూర్తిగా పక్కనపెట్టి, మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే జాబితాలోని కాపీ, పేస్ట్‌లను ఒక రోజంతా వాడి చూడాలి. మౌస్‌తో ఒక్కసారీ విఫలం కాకుండా మీటలతో మాత్రమే విఫలమైతే తప్పు క్లిప్‌బోర్డ్‌ది కాదు. కీబోర్డును తిరగేసి దులిపి, సందులు శుభ్రం చేయాలి. ఫలితం లేకపోతే మరో కీబోర్డు తగిలించి చూడాలి.

కంట్రోల్, ఇన్సర్ట్ కలిపి నొక్కితే కాపీ, షిఫ్ట్, ఇన్సర్ట్ కలిపి నొక్కితే పేస్ట్ అయ్యే పాత పద్ధతి కూడా విండోస్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో నేటికీ పనిచేస్తుంది. సి కీ మొరాయించే కంప్యూటర్‌పై పని ఆగకుండా చూసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

మూడో ప్రశ్న: బల్లను పట్టుకుని వదలనిది ఎవరు?

మౌస్‌తో చేసినా విఫలమవుతుంటే, క్లిప్‌బోర్డ్‌ను మరో ప్రోగ్రామ్ అడ్డగిస్తోందని భావించాలి. తరచూ కారణమయ్యేవి నాలుగు తరగతులు. మొదటిది, కాపీ చేసినవన్నీ దాచిపెట్టే అదనపు క్లిప్‌బోర్డ్ ప్రోగ్రాములు. ఇలాంటివి రెండు ఒకేసారి నడిస్తే ఒకదానితో ఒకటి పోటీపడతాయి. రెండోది, దూరంలోని కంప్యూటర్‌ను ఇంటి తెరపై చూపే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు. ఇవి రెండు కంప్యూటర్ల క్లిప్‌బోర్డ్‌లను నిరంతరం సరిపోల్చుతుంటాయి. మూడోది, ఫోన్‌కు, కంప్యూటర్‌కు మధ్య క్లిప్‌బోర్డ్‌ను పంచే సదుపాయాలు. నాలుగోది, ఎంపిక చేసిన పదానికి అర్థం చెప్పే, అనువాదం చూపే చిన్న ప్రోగ్రాములు, బ్రౌజర్ అనుబంధాలు.

ఇంటి నుంచి కార్యాలయ కంప్యూటర్‌పై రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా పనిచేసేవారికి ఒక ప్రత్యేక సూచన. విండోస్‌లో ఈ పంపిణీ బాధ్యతను ఆర్‌డీపీ క్లిప్ అనే చిన్న ప్రోగ్రామ్ చూసుకుంటుంది. అది అవతలి కంప్యూటర్‌లో నడుస్తుంది. రెండు కంప్యూటర్ల మధ్య పేస్ట్ ఆగిపోతే, అవతలి కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ప్రోగ్రామ్‌ను ఆపి, మళ్లీ ప్రారంభిస్తే చాలాసార్లు సరిపోతుంది. తెగిపోయిన అనుసంధానాన్ని మళ్లీ కలిపినా అదే ఫలితం దక్కవచ్చు.

కారణం తెలియనప్పుడు సగం సగంగా వడపోయడం ఉత్తమం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో కంప్యూటర్‌తోపాటు వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. పైన చెప్పిన తరగతులకు చెందినవాటిలో సగం నిలిపివేసి, కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించి వాడాలి. లోపం పోతే దోషి ఆ సగంలో ఉన్నట్టు. పోకపోతే మిగిలిన సగంలో ఉన్నట్టు. ఇలా ఎనిమిది అనుమానితులున్నా మూడు విడతల్లో ఒక్కటే మిగులుతుంది. బ్రౌజర్ అనుబంధాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. యాంటీవైరస్‌ను మాత్రం ఈ పరీక్షలో చేర్చరాదు.

ఇక్కడ ఓపిక అవసరం. రోజుకు మూడుసార్లు వచ్చే లోపం గంటసేపు కనిపించనంత మాత్రాన పోయినట్టు కాదు. కనీసం రెండు మూడు రోజులు గమనించాకే తదుపరి మార్పు చేయాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల నయమైందో తెలియదు. లోపం వచ్చిన ప్రతిసారి సమయం, ఎక్కడి నుంచి కాపీ చేశాం, ఎక్కడ పేస్ట్ చేశాం, అప్పుడు ఏయే ప్రోగ్రాములు తెరిచి ఉన్నాయి అనే వివరాలు కాగితంపై రాసుకోవాలి. ఐదారు నమోదులయ్యేసరికి, ‘ఎప్పుడు పడితే అప్పుడు’ అనిపించిన లోపం ఒకే ప్రోగ్రామ్ తెరిచి ఉన్నప్పుడు మాత్రమే వస్తున్నట్టు బయటపడవచ్చు. ఆ కాగితమే మరమ్మతు చేసేవారికీ మొదటి ఆధారం.

లోపం కాని లోపాలు

కొన్నిసార్లు కంప్యూటర్ తనకు చెప్పినట్టే చేస్తుంది. అది మనకు తెలియక లోపమనుకుంటాం. ఎక్సెల్‌లో గడులను కాపీ చేస్తే చుట్టూ చుక్కల గీత కదులుతూ కనిపిస్తుంది. పేస్ట్ చేసేలోపు ఎస్కేప్ నొక్కినా, మరో గడిలో ఏదైనా రాసినా ఆ గీత మాయమవుతుంది. దానితో కాపీ రద్దయినట్టే. కాపీకి, పేస్ట్‌కు మధ్య మరో పని చేసే అలవాటున్నవారికి ఇది ‘అప్పుడప్పుడు’ వచ్చే లోపంగా కనిపిస్తుంది.

పాస్‌వర్డ్‌లను భద్రపరిచే ప్రోగ్రాములదీ అదే తీరు. కాపీ చేసిన పాస్‌వర్డ్‌ను నిర్ణీత సెకన్ల తర్వాత అవి క్లిప్‌బోర్డ్ నుంచి చెరిపేస్తాయి. త్వరగా పేస్ట్ చేస్తే పడుతుంది, ఆలస్యమైతే పడదు. ఇది భద్రత కోసం చేసిన ఏర్పాటు.

కొన్ని వెబ్‌సైట్లు నిర్దిష్ట గడుల్లో పేస్ట్‌ను కావాలనే నిరోధిస్తాయి. ఖాతా సంఖ్యను రెండోసారి నమోదు చేయమన్న గడిలో ఈ నిరోధం అర్థవంతమైనదే. మొదటి గడిలో పడిన తప్పే రెండో గడిలోనూ పడకుండా అది కాపాడుతుంది. పాస్‌వర్డ్ గడుల విషయంలో మాత్రం నిపుణుల అభిప్రాయం భిన్నం. పేస్ట్‌ను అనుమతిస్తే ప్రజలు పొడవైన, కఠినమైన పాస్‌వర్డ్‌లు వాడగలుగుతారని బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం పేర్కొంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా పాస్‌వర్డ్ పేస్ట్‌ను అనుమతించాలని సూచించాయి. ఏదేమైనా, ఒకే సైట్‌లోని ఒకే గడిలో ప్రతిసారీ పేస్ట్ పడకపోతే కంప్యూటర్‌ను అనుమానించనక్కరలేదు.

పేస్ట్ అయింది, కానీ అక్షరాలు మారాయి

బహుభాషా గృహాల్లో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. హిందీ పత్రం నుంచి ఒక పేరా కాపీ చేసి ఈమెయిల్‌లో పేస్ట్ చేస్తే దేవనాగరికి బదులు అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు వస్తాయి. మరో పత్రం నుంచి చేస్తే సరిగానే వస్తుంది. క్లిప్‌బోర్డ్ రెండుసార్లూ సవ్యంగానే పనిచేసింది. తేడా పత్రంలో ఉంది.

హిందీ ప్రాంతాల కార్యాలయాల్లో విరివిగా వాడిన కృతిదేవ్, తెలుగు ముద్రణాలయాలకు సుపరిచితమైన అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ పద్ధతిని అనుసరించవు. వాటిలో కంప్యూటర్ నిజంగా దాచేది ఆంగ్ల అక్షరాల సంకేతాలనే. ఫాంట్ వాటికి దేవనాగరి లేదా తెలుగు వేషం వేస్తుంది. పేస్ట్ చేసినచోట ఆ ఫాంట్ లేకపోతే వేషం తొలగిపోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచిక నుంచే తెలుగుకు సొంత సంకేతాలున్నాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చిన తర్వాత ఇంటి కంప్యూటర్లలోనూ యూనికోడ్ తెలుగు సాధ్యమైంది. పాత పత్రాలను ఫాంట్ మార్పిడి ప్రోగ్రామ్ ద్వారా యూనికోడ్‌లోకి మార్చి, ఆపై కాపీ చేయడమే దీనికి పరిష్కారం. మార్చాక ఒకసారి చదివి సరిచూసుకోవాలి.

పీడీఎఫ్ పత్రాలది మరో కథ. అవి ప్రధానంగా అక్షరాల ఆకృతులను కాగితంపై ఎక్కడ ఉంచాలో చెబుతాయి. ఏ ఆకృతి ఏ అక్షరానికి చెందినదో తెలిపే పట్టిక లోపిస్తే, లేదా అసంపూర్ణంగా ఉంటే కాపీ చేసినప్పుడు వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి. తెలుగులో ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరుస. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం అనే ఈ వరుసలో ఒక్కటి అటూఇటూ అయినా అక్షరం విడిపోతుంది.

ఈ నగరం పేరే ఇందుకు చక్కని ఉదాహరణ. ‘రాయ్‌పూర్’ అని తెలుగులో రాసినప్పుడు యకారపు పొల్లుకు, పకారానికి మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. రెండు హల్లులూ కలిసిపోకుండా అది అడ్డుపడుతుంది. కొన్ని ప్రోగ్రాములు, వెబ్‌సైట్లు పేస్ట్ చేసే సమయంలో దాన్ని అనవసరమైనదిగా భావించి తొలగిస్తాయి. అప్పుడు పేరు ‘రాయ్పూర్’గా మారి, పకారం యకారం కింద వత్తుగా చేరుతుంది. చదివేవారికి రెండూ ఒకే ఊరు. అక్షర సంకేతాలను మాత్రమే పోల్చే ప్రోగ్రామ్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు. ఒక రూపంతో వెతికితే మరో రూపం దొరకకపోవచ్చు. దరఖాస్తుల్లో పేర్లు, చిరునామాలు తెలుగులో పేస్ట్ చేసినప్పుడు చివరిసారి చదివి చూడటం అందుకే ముఖ్యం.

కనిపించని ఖాళీ కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. ఐఎఫ్ఎస్ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి. మొదటి నాలుగూ బ్యాంకును సూచించే ఆంగ్ల అక్షరాలు, ఐదోది సున్నా, మిగిలిన ఆరూ శాఖను తెలుపుతాయి. సందేశం నుంచి కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ అంటుకువస్తే అది 12 అవుతుంది, సైట్ తిరస్కరిస్తుంది. ముందుగా నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, చివర ఖాళీ ఉందేమో చూసి, అవసరమైనంత మేరకే మళ్లీ కాపీ చేస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది. పత్రం నుంచి వెంటవచ్చే రంగులు, ఫాంట్లు కూడా నోట్‌ప్యాడ్‌లో రాలిపోతాయి.

జాగ్రత్త పడాల్సిన సందర్భాలు

క్లిప్‌బోర్డ్‌ను ఏ ప్రోగ్రామ్ అయినా చదవగలదు, మార్చగలదు అన్న సౌలభ్యం మోసగాళ్లకూ అక్కరకొస్తుంది. క్రిప్టో కరెన్సీ చిరునామాను కాపీ చేయగానే దాని స్థానంలో మోసగాడి చిరునామాను ఉంచే హానికర ప్రోగ్రాములు కొన్నేళ్లుగా ప్రచారంలో ఉన్నాయి. కాపీ చేసినది ఒకటి, పేస్ట్ అయినది మరొకటి అయి, ఆ రెండోది ఇంతకుముందు మనం ఎన్నడూ చూడనిదైతే అది సాధారణ లోపం కాకపోవచ్చు. వెంటనే ఆ కంప్యూటర్‌పై చెల్లింపులు ఆపి, యాంటీవైరస్‌తో పూర్తి తనిఖీ జరపాలి.

మరో మోసం ఇటీవలి కాలంలో విస్తరించింది. ఒక వెబ్ పేజీ ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అంటూ విండోస్, ఆర్ కీలను, తర్వాత కంట్రోల్, వి కీలను, చివరగా ఎంటర్‌ను నొక్కమంటుంది. ఆ పేజీపై క్లిక్ చేసినప్పుడే హానికర ఆదేశం క్లిప్‌బోర్డ్‌లోకి చేరిపోయి ఉంటుంది. చెప్పినట్టు చేస్తే మన చేతులతోనే దాన్ని అమలు చేసినవారమవుతాం. నిజమైన ఏ ధ్రువీకరణా ఇలా అడగదు. మోసానికి గురై డబ్బు పోగొట్టుకున్నవారు జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి. పొరపాటున సొంతంగా తప్పు ఖాతాకు పంపినవారు మొదట సంప్రదించాల్సింది తమ బ్యాంకును.

ఒకే కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదీ వాడేచోట క్లిప్‌బోర్డ్ చరిత్రలో పాస్‌వర్డ్‌లు, ఆధార్ సంఖ్యలు మిగిలిపోయే అవకాశముంది. పరీక్ష పూర్తయ్యాక సెట్టింగ్స్‌లో సిస్టమ్ విభాగానికి, అందులో క్లిప్‌బోర్డ్‌కు వెళ్లి చరిత్రను చెరిపేయాలి. ఇతర పరికరాలతో పంచుకునే ఎంపిక అవసరం లేకపోతే నిలిపివేయాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన విషయాన్నీ దృష్టిలో ఉంచుకోవాలి.

లోపం తేలేవరకు పాటించాల్సినవి

కారణం దొరికే వరకు మూడు నియమాలు నష్టాన్ని నివారిస్తాయి. మొదటిది, పత్రాల్లో కట్ వాడకుండా కాపీనే వాడాలి. కట్ చేసిన వాక్యం అప్పటికప్పుడే మూలం నుంచి తొలగిపోతుంది. పేస్ట్ పడకపోతే రెండుచోట్లా ఉండదు. అలా జరిగితే కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు. పేస్ట్ పడిందని నిర్ధారించుకున్నాకే మూలంలోనిది తొలగించాలి. ఫోల్డర్లలోని ఫైళ్ల విషయంలో విండోస్ కొంత ఉదారం. అక్కడ కట్ చేసినా పేస్ట్ అయ్యే వరకు ఫైల్ పాతచోటే ఉంటుంది.

రెండోది, ఖాతా సంఖ్య వంటివి పేస్ట్ చేశాక కొన్ని అంకెలు చూసి సరిపెట్టుకోకుండా, మూలంతో పోల్చుతూ మొదటి నుంచి చివరి వరకు చదవాలి. కొత్త ఖాతాకు పెద్ద మొత్తం పంపాల్సి వస్తే ముందు ఒక చిన్న మొత్తం పంపి, చేరిందని అవతలివారు ఫోన్‌లో చెప్పాకే మిగతాది పంపడం మంచిది. మూడోది, లోపం పదేపదే వస్తుంటే పని మధ్యలో ఒకసారి అన్నీ సేవ్ చేసి కంప్యూటర్‌ను మళ్లీ ప్రారంభించాలి. క్లిప్‌బోర్డ్‌ను పట్టుకున్న ప్రోగ్రామ్ ఏదైనా అప్పటికి వదిలేస్తుంది. అది తాత్కాలిక ఉపశమనమే కానీ చికిత్స కాదు. అదే లోపం తిరిగివస్తే పైన చెప్పిన వడపోతకు పూనుకోవాల్సిందే.

విండోస్‌ను మొత్తం తొలగించి మళ్లీ ఎక్కించడం చివరి మార్గం. చాలా సందర్భాల్లో అంతదూరం వెళ్లాల్సిన అవసరం రాదు. ముప్పై సార్లు నొక్కిన ఒక మీట, రెండు రోజులు నిలిపివేసిన ఒక ప్రోగ్రామ్, లోపం వచ్చిన సమయాలు రాసిన ఒక కాగితం అసలు కారణాన్ని బయటపెడతాయి. అవి బయటపెట్టే వరకు, కాపీ చేశామన్న నమ్మకంతో కాక, పేస్ట్ అయినదాన్ని చదివాకే ఎంటర్ నొక్కాలి.